ముప్పై గజాల దూరంలో

అంకుల్ ఏప్రిల్‌లో ఒక రోజు నా టెస్ట్ రూమ్‌లోకి చేతికర్రతో వచ్చారు. ఆయనకు కర్ర అవసరం లేదు. డెబ్బై నాలుగేళ్ళ వయసులో కూడా నాకన్నా వేగంగా నడుస్తారు. కుర్చీలో కూర్చున్నాక ఆ కర్రను భుజానికి ఆనించుకుని, ఎడమ కన్ను మూసి, ఎదురుగోడ మీది అక్షరాల చార్టుకు గురిపెట్టారు. నేను గబగబా వెళ్ళి తలుపు వేశాను. బయట రిసెప్షన్‌లో ఇద్దరు పెద్దావిడలు తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు.

"ఏంటంకుల్ ఇది?"

"ఇటొచ్చి ఈ చివర చూడమ్మాయ్."

కర్ర చివర ఒక అగ్గిపుల్లను నిలువుగా జిగురుతో అంటించారు. కంటికి దగ్గరగా వచ్చే చోట చాకుతో చిన్న గాడి కోశారు.

"అచ్చం మా రైఫిల్ కొలతే. గాడి ఇక్కడ, పుల్ల అక్కడ. నలభై ఏళ్ళ నించీ ఆ గాడిలో ఈ పుల్ల పెట్టుకునే గురి చూస్తన్నా. ఇప్పుడు పుల్ల మసకేసి రెండుగా కనపడతంది. పేపర్ చదువుకునే కళ్ళజోడు నాకొద్దు. ఈ పుల్ల కనపడే కళ్ళజోడు కావాలి."

గ్లాస్గోకు దక్షిణంగా, కారులో ముప్పావుగంట దూరంలో ఉన్న చిన్న ఊళ్ళో కళ్ళు పరీక్షించి కళ్ళజోళ్ళు రాసిచ్చే ఉద్యోగం నాది. అంకుల్ అదే ఊళ్ళో ముప్పై ఏళ్ళకు పైగా జీపీగా, అంటే ఊరందరి ఫ్యామిలీ డాక్టరుగా, పనిచేసి రిటైరయ్యారు. ఇక్కడివాళ్ళు ఇప్పటికీ ఆయన్ని బేకరీ దగ్గర ఆపి మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పుకుంటారు. ఆయనది తెనాలి వైపు, మాది పల్నాడు. నేను చదువు కోసం గ్లాస్గో వచ్చిన కొత్తలో తెలుగువాళ్ళ పిక్నిక్‌లో మొదటిసారి చూశాను. "పల్నాడా? అయితే నీకిది చప్పగా ఉంటది, కారం చల్లుకో" అంటూ నా ప్లేటులో ముదురు రంగు మాంసం వేపుడు వడ్డించారు. రెండోసారి అడిగి వేయించుకున్నాక, అది జింక అనీ, కొట్టింది తనేననీ చెప్పారు. నా మొదటి ఫ్లాట్‌కు హామీ ఉత్తరం రాసిచ్చింది ఆయనే. జీపీ రిసెప్షనిస్టుతో ఎంత గట్టిగా మాట్లాడితే అపాయింట్‌మెంట్ దొరుకుతుందో నేర్పిందీ ఆయనే.

ఆంటీ మాంసం ముట్టరు. పెళ్ళయిన కొత్తలోనే ఆమె పెట్టిన షరతు ప్రకారం ఇంట్లోకి మాంసం రాకూడదు. అందుకని అంకుల్ గ్యారేజీలో పాత ఎలక్ట్రిక్ స్టవ్ పెట్టుకుని, వేరే గిన్నెలు, వేరే గరిటెలు, వేరే మసాలా డబ్బా అమర్చుకున్నారు. చలికాలంలో కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని వేపుడు చేసేవారు. ఆంటీ మధ్యలో తలుపు తీసి, లోపలికి అడుగు పెట్టకుండా, "ఉప్పు చూశారా?" అని అడిగి వెళ్ళేవారు.

ఇక్కడ చాలామందికి వేట అంటే టీవీలో కనిపించే ఎర్ర కోట్లు, గుర్రాల మీద నక్కల్ని తరమడం. అంకుల్ చేసేది వేరు. ఆయన దగ్గర వైద్యం చేయించుకున్న ఒక రైతుకు కొండవాలున అడవి ఉండేది. ఆ రైతు పోయాక దాన్ని ఆయన కూతురు చూసుకుంటోంది. ఆవిడకూ అరవై దాటాయి. స్ప్రూస్ చెట్ల మధ్య ఖాళీల్లో ఆవిడ ఓక్, రోవన్ మొక్కలు నాటిస్తుంది. రో అనే చిన్న జాతి జింకలు వచ్చి వాటి చిగుళ్ళు కొరికేస్తాయి. ఈ దేశంలో వాటిని తినే తోడేలు లేదు, పులి లేదు. అందుకని ఏటా కొన్నింటిని తగ్గించక తప్పదు. ఆ పనికి ఆవిడ అంకుల్ ఒక్కరినే రానిస్తుంది. తుపాకీ లైసెన్సున్న కుర్రాళ్ళు చాలామంది అడిగినా ఇవ్వలేదు. కారణం అడిగితే, డాక్టరుగారు అనుమానం ఉన్నప్పుడు ట్రిగ్గర్ ముట్టుకోరు అని చెప్పేది.

ఆ మాట అంకుల్‌కు ప్రాణం. క్లినిక్ నుంచి రిటైరయ్యాక ఆయనకు మిగిలినవి ఆ అడవీ, ఆ మాటా. నలభై ఏళ్ళలో ఒకే ఒక్క జింక గాయంతో తప్పించుకుంది. అది ఏ గట్టు దిగి ఏ పొదలోకి దూరిందో ఇప్పటికీ చెయ్యి చాపి చూపించగలరు. గురిపుల్ల కనిపించకపోతే ఇక అడవికి వెళ్ళకూడదని ఆయనకు తెలుసు. అందుకే కర్రకు అగ్గిపుల్ల అంటించుకుని నా దగ్గరికి వచ్చారు.

చార్టు బాగానే చదివారు. కారు నడపడానికి కావలసిన వరస దాటి ఇంకో రెండు వరసలు చదివారు. లోపల చూస్తే రెండు కళ్ళలోనూ శుక్లాలు మొదలై ఉన్నాయి.

"హాస్పిటల్‌కి రాస్తానంకుల్."

"ఈ ఎండాకాలం పోనీ. శుక్లాలంటే నాకు తెలీదా? ఎంతమందికి రాయలేదు నేను?"

నా టేబుల్ కింది అరలో ఇంకో చార్టు ఉంటుంది. దానిలో అక్షరాలన్నీ ఒకే సైజు. పైవరస నల్లగా ఉంటుంది. కిందికి వచ్చేకొద్దీ బూడిదరంగుకు తిరిగి, చివరికి కాగితంలో కలిసిపోతాయి. తెల్ల గోడ మీద నల్ల అక్షరం చదవగలిగిన కన్ను, మసక వెలుగులో గోధుమరంగు ఆకుల మీద గోధుమరంగు జంతువును పోల్చగలదా లేదా అన్నది చెప్పేది ఆ చార్టే. నేను వంగి అర తెరిచాను కూడా.

"ఇంకా ఏంటమ్మా? అన్నీ చదివాను గదా" అన్నారు.

అర మూసేశాను. బయట ఆయన తర్వాత ఇంకా ఇద్దరున్నారని నాకు నేనే చెప్పుకున్నాను. అది కారణం కాదు. అదే మాట ఇంకో ముసలాయన అని ఉంటే, "కూర్చోండి సార్, రెండే నిమిషాలు" అని చార్టు చేతికిచ్చేదాన్ని. నేను నోరున్న మనిషినని ఇంటా బయటా పేరు. కానీ అంకుల్ డాక్టరు, పెద్దాయన, నాకు మేలు చేసినవాడు. ఆయన చాలన్నాక ఇంకో పరీక్ష పెట్టడమంటే ఆయన మాట నమ్మనట్టు ఉంటుందనుకున్నాను. తెలుగువాళ్ళ మొహమాటం ఎంత పని చేస్తుందో తెలిసి కూడా ఆ అర మూశాను.

తర్వాత పుల్ల పని పట్టాను. వెనక గాడి, ముందు పుల్ల, దూరంగా జింక. మూడూ మూడు దూరాల్లో ఉంటాయి. వయసులో ఉన్న కన్ను వాటి మధ్య చకచకా తిరిగి మూడూ ఒకేసారి కనిపిస్తున్నట్టు భ్రమ కల్పిస్తుంది. ముసలి కన్ను ఒక్క దూరానికే కుదురుకుంటుంది. నేను అద్దాలు మార్చి చూసే ట్రయల్ ఫ్రేములో కొద్దిపాటి పవరున్న అద్దం వేసి కర్ర ఇచ్చాను.

"పుల్ల బ్రహ్మాండంగా ఉంది" అన్నారు. ఆ తర్వాత కర్ర కొంచెం పైకెత్తి, "జింకేదమ్మాయ్?" అన్నారు.

ఇద్దరం నవ్వుకున్నాం. అద్దం తీసేస్తే జింక ఉంటుంది, పుల్ల పోతుంది. కళ్ళజోడుతో అయ్యే పని కాదని అర్థమైంది. అక్కడితో ఊరుకోవలసింది. కానీ లెక్క తేలకపోతే నాకు నిద్ర పట్టదు. రెండు వారాలు, గురి కోసం రైఫిల్ మీద బిగించే సైట్ల గురించి చదివాను. మా ఆయన నా లాప్‌టాప్ చూసి, పోలీసులు వస్తే తనకేమీ తెలియదని ముందే చెప్పేశాడు.

ఒక శనివారం అంకుల్‌తో కలిసి తుపాకుల షాపుకు వెళ్ళాను. కౌంటర్ వెనక ఉన్నది గడ్డం నెరిసిన మనిషి. తొందరపడి మాట్లాడేవాడు కాదు. ఎంత దూరంలో కొడతారని అడిగాడు. ముప్పై గజాలు, మహా అయితే యాభై అని అంకుల్ చెప్పారు. ఆ అడవిలో చెట్లు అంత దగ్గరగా ఉంటాయి. రెండు చేతులూ చాపితే రెండు వరసలూ తగులుతాయి. జింక ఒక సందులో నుంచి ఇంకో సందులోకి దాటేటప్పుడు రెండు మూడు ఊపిర్లు తీసేంతసేపు కనిపిస్తుంది, అంతే.

మొదట అందరూ కొనే పెద్ద స్కోప్, తుపాకీ మీద బిగించే దుర్భిణి, చూపించాడు. నేను దానిలో నుంచి షాపు చివర గోడకు తగిలించిన జింక తలను చూశాను. ఒట్టి వెంట్రుకలు కనిపించాయి. అది చెవో మెడో తెలియలేదు. కొండల మీద మూడు వందల గజాలకైతే సరేగానీ, పొదల్లో అది గుడ్డిదని అతనే అన్నాడు. తర్వాత పెద్దగా చేసి చూపించని చిన్న స్కోప్ ఒకటి, ఆ తర్వాత ఎర్ర చుక్క సైటు ఇచ్చాడు. అగ్గిపెట్టె అంత చట్రంలో ఒక గాజుపలక, అందులో ఒక ఎర్ర చుక్క. గాడి లేదు, పుల్ల లేదు. రెండు కళ్ళూ తెరిచి జింకనే చూస్తే చాలు, చుక్క దాని మీదే ఉంటుంది. కన్ను ఒక్క దూరానికే కుదురుకోవాలి, అంకుల్ కన్ను చేయగలిగిందీ అదే. నాకు లెక్క తేలిపోయింది.

షాపాయన మాత్రం చిన్న స్కోప్ వైపే మొగ్గాడు. చుక్క ఎక్కడ తగులుతుందో చెబుతుంది, దేనికి తగులుతుందో చెప్పదు, సాయంత్రం వెలుగులో మంచి గాజు కంటికి కొంత సాయం చేస్తుందన్నాడు. వయసు మళ్ళినవాళ్ళకు తాను అదే ఇస్తానన్నాడు. అంకుల్ నా వైపు చూశారు.

"జింక ఏదో చూసుకోవడానికి మీకు బైనాక్యులర్స్ ఉన్నాయి కదంకుల్. గురికి మాత్రం ఇదే" అన్నాను.

అప్పటికి నాకు కళ్ళు నెత్తికెక్కి ఉన్నాయి. కంటి గురించి నాకు తెలిసినంత తుపాకులు అమ్మేవాడికి తెలుస్తుందా అనుకున్నాను. అంకుల్ చుక్క సైటు కంటికి ఎదురుగా పెట్టుకుని చూసి, "చుక్క చుట్టూ పువ్వులా విచ్చుకుంటందేంటి?" అని అడిగారు. నేను బటన్ నొక్కి వెలుతురు తగ్గించాను. పువ్వు ముడుచుకుంది. కంట్లో శుక్లం ఉంటే వెలుగు అలాగే చెదురుతుంది. అది నా చదువులో మొదటి ఏడాది పాఠం. పువ్వు ఎందుకు వచ్చిందని అడగవలసినదాన్ని, దాన్ని కనపడకుండా చేసి సరిపెట్టుకున్నాను.

అడవి యజమానురాలి పొలంలో మట్టికట్టకు ఎదురుగా టార్గెట్ పెట్టి గురి సరిచూసుకున్నాం. తెల్ల కాగితం మీద నల్లటి గుండ్రం. నలభై గజాల నుంచి ఆయన కొట్టిన మూడు తూటాలూ ఒక పది పెన్స్ బిళ్ళతో కప్పేయగలిగేంత దగ్గరగా పడ్డాయి. ఆయన ఆ కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకుని, "ఇంకో పదేళ్ళు ఇచ్చావమ్మాయ్ నాకు" అన్నారు. నాకు ఎంత సంతోషం వేసిందో దాచుకోను. తెల్లటి దాని మీద నల్లటిది ఆయనకు కనిపిస్తుందని నాకు ముందే తెలుసనీ, మళ్ళీ అదే పరీక్ష పెట్టాననీ ఆ రోజు తట్టలేదు.

జూన్‌లో ఒక సాయంత్రం నన్నూ రమ్మన్నారు. నేను బాగుచేసిన చూపు ఎలా పనిచేస్తుందో చూద్దువుగాని అన్నారు. ఎండాకాలంలో ఇక్కడ రాత్రి పదింటిదాకా వెలుతురు ఉంటుంది కాబట్టి, భోజనాలు చేసి ఏడింటికి బయలుదేరాం. ఆ రోజు మబ్బుగా ఉంది. స్ప్రూస్ చెట్ల కింద వెలుతురు నీళ్ళు కలిపిన టీ రంగులో ఉంది. గాలి మొహానికి తగిలేట్టు ఒక పడిపోయిన చెట్టు వెనక కూర్చున్నాం. అంకుల్ ఎడమవైపు, నేను కుడివైపు, మధ్యలో రైఫిల్. ఎదురుగా ముప్పై గజాల దూరంలో చెట్ల మధ్య ఒక సందు, అందులో నడుము ఎత్తు ఫెర్న్ పొదలు, వాటి వెనక ఎండిన బర్చ్ కొమ్మలు.

వేసవిలో మగజింకనే కొట్టాలి. ఆ కాలంలో ఆడజింకలకు పాలుతాగే పిల్లలుంటాయి. తల్లి పోతే పిల్ల ఆకలితో చస్తుంది. ఇది ఇక్కడ చట్టం. చట్టం కాకపోయినా అంకుల్‌కు అది కట్టుబాటే. అందుకే ముందు బైనాక్యులర్స్‌తో కొమ్ములు చూడాలి, ఆ తర్వాతే రైఫిల్ ఎత్తాలి. దారిలో ఇదంతా చెప్పారు. అక్కడ కూర్చున్నాక నోరు మెదపకూడదని కూడా చెప్పారు.

ముప్పావుగంట కూర్చున్నాక సందులోకి జింక వచ్చింది. అది వచ్చిన చప్పుడు కూడా లేదు. తల, మెడ, భుజం మాత్రం కనిపించాయి. అంకుల్ బైనాక్యులర్స్ ఎత్తి చూశారు. నేను ఉత్త కళ్ళతో చూశాను. దాని చెవుల మధ్య నాకు ఏమీ కనిపించలేదు. తల వెనక ఎండిన బర్చ్ కొమ్మలు రెండు పైకి లేచి ఉన్నాయి. జింక తల కదిలినప్పుడు అవి కదల్లేదు.

"పోతుజింకే" అన్నారు అంకుల్, పెదవులతోనే.

నేను ఆయన మొహం వైపు చూశాను. ఆయన అప్పటికే రైఫిల్ భుజానికి ఎత్తారు. 'అంకుల్, కొమ్ములు లేవు' అన్నది ఎంతసేపటి మాట? ఊపిరి తీసేంత సేపు కూడా పట్టదు. నలభై ఏళ్ళ అనుభవమున్న మనిషి, చేతిలో బైనాక్యులర్స్ ఉన్న మనిషి, చూశానంటున్నారు. నిన్న మొన్న అడవిలోకి వచ్చిన నేను కాదంటానా అనుకున్నాను. జింక కదిలితే బాగుండును అని మాత్రం అనుకున్నాను. అది కదల్లేదు.

తూటా ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆ సైటు తన పని తాను సరిగ్గానే చేసింది.

కొట్టిన తర్వాత పది నిమిషాలు కదలకుండా కూర్చోవడం పద్ధతి. ఆ పది నిమిషాలూ అంకుల్ తృప్తిగా ఉన్నారు. నా మోకాలి మీద మెల్లగా తట్టారు కూడా. ఆ తర్వాత లేచి ఫెర్న్ పొదల్లోకి నడిచాం. ముందు ఆయనే వెళ్ళారు. ఆయన వీపు ఆగిపోవడం చూశాను. మోకాళ్ళ మీద కూర్చుని, దాని తలను రెండు చేతుల్లోకి తీసుకుని, నుదుటిని బొటనవేలితో నిమిరారు. కొమ్ములుండవలసిన చోట నున్నగా ఉంది. ఆ తర్వాత చెయ్యి పొట్ట కిందికి పోనిచ్చారు.

"పాలున్నాయి" అన్నారు.

ఆయన అలాగే కూర్చుని, పిల్ల దగ్గర్లోనే ఎక్కడో పడుకుని ఉంటుంది, తల్లి పిలిచేదాకా కదలదు అన్నారు. "నాకు కనపడదు. నువ్వు చూడు" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు మామూలుగానే ఉంది. పేషెంటుతో మాట్లాడే గొంతు అది.

పది నిమిషాలు కూడా పట్టలేదు. పాతిక అడుగుల అవతల ఫెర్న్ ఆకుల కింద చుట్టుకుని పడుకుని ఉంది, వీపు మీద తెల్ల చుక్కలతో. నన్ను చూసింది, లేవలేదు. నా కళ్ళు అంత మంచివి. అదే కళ్ళతో అరగంట కిందట ఆయన పక్కన కూర్చున్నాను.

అంకుల్ అడవి యజమానురాలికి ఫోన్ చేసి, దాచకుండా, మెత్తబరచకుండా చెప్పారు. ఆడదాన్ని కొట్టాననీ, పిల్ల ఉందనీ, అది ఆకలితో చావకముందే దాన్నీ కాల్చక తప్పదనీ, దాని మీద గురిపెట్టే ధైర్యం ఇప్పుడు తన కళ్ళకు లేదనీ అన్నారు. ఆవిడ తన రైఫిల్‌తో వచ్చింది. పిల్ల ఎక్కడుందో నన్ను చూపించమని, మమ్మల్ని గేటు దగ్గరికి వెళ్ళమంది. గేటు దగ్గర నిలబడి ఒక్క చప్పుడు విన్నాం. రో జింకలు తరచుగా కవలల్ని ఈనుతాయి. ఇంకోటి ఉందేమోనని ఆవిడ రెండు రోజులు కుక్కతో వెతికింది. దొరకలేదు.

ఆ రాత్రి గ్యారేజీలో స్టవ్ వెలగలేదు. మాంసం ఆవిడ దగ్గరే వదిలేశారు. మర్నాడు అంకుల్ తనంతట తానే పోలీసులకు ఫోన్ చేసి జరిగింది చెప్పి, రైఫిల్‌ను షాపుకు అప్పగించి, లైసెన్సు తిరిగి పంపేశారు. పిల్లను కొట్టిన చప్పుడు విన్నప్పటి నుంచి ఆయన సరిగ్గా అన్నం తినడం లేదని ఆంటీ నాకు ఫోన్‌లో చెప్పారు. జీవితంలో మొదటిసారి ఆమె గ్యారేజీలోకి వెళ్ళి, ఆయన పక్కన ఇంకో స్టూలు వేసుకుని కూర్చున్నారట. ఏం మాట్లాడారని అడిగితే, ఏమీ లేదు, ఊరికే కూర్చున్నాం అన్నారు.

సోమవారం ఆయన అపాయింట్‌మెంట్ తీసుకుని, కర్ర లేకుండా వచ్చారు. నేను అడగకముందే, "ఆ అరలో ఏదో ఉందిగా, తియ్యి" అన్నారు. బూడిదరంగు అక్షరాల చార్టు ఇచ్చాను. పైనుంచి మూడు వరసలు చదివి ఆగిపోయారు. కింద ఇంకా ఐదు వరసలున్నాయి. వాటిని ఖాళీ కాగితం అనుకున్నారు.

"ఇది ఏప్రిల్‌లోనే చూడాల్సింది అంకుల్. నేను చూడలేదు. తప్పు నాది" అన్నాను.

"నేను పుల్ల కనపడాలని అడిగాను. నువ్వు చూపించావు. ఉత్తరం రాయి హాస్పిటల్‌కి" అన్నారు.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే కొంచెం తేలికపడేదాన్ని. చెప్పవలసింది ఇంకోటి ఉందనీ, ఆ మాట చార్టు గురించి కాదనీ నాకు తెలుసు. ఆ రోజు చెప్పలేదు. ఆయనకు ఆపరేషన్ అయ్యేదాకా ఆగుదామనుకున్నాను. అయ్యాక, కోలుకునేదాకా అనుకున్నాను. ఇలా వాయిదా వేస్తూ ఏడాది గడిపాను. ఈలోపు నా పని పద్ధతి మార్చుకున్నాను. ఇప్పుడు ఎవరొచ్చినా కళ్ళతో రోజూ ఏం చూస్తారని ముందే అడుగుతాను. అర తెరిచే ఉంచుతాను. ఎవరు చాలన్నా చార్టు చేతికిస్తాను. అదంతా మంచిదే. కానీ అడవిలో నేను మూసుకున్న నోటికి అది సమాధానం కాదు.

రెండు కళ్ళకూ ఆపరేషన్లు బాగా జరిగాయి. ఆకుపచ్చల్లో ఇన్ని రకాలున్నాయని మరిచిపోయానన్నారు. కావాలంటే మళ్ళీ లైసెన్సుకు అప్లై చేసుకోమనీ, తన అడవి తలుపు తెరిచే ఉందనీ యజమానురాలు కబురు చేసింది. ఆయన ఒప్పుకోలేదు. రైఫిల్ లేకుండా వెళ్ళి జింకల లెక్క రాసిస్తానన్నారు. ఏ సందులో ఎన్ని తిరుగుతున్నాయి, ఏది ముసలిది, ఏ మొక్కలు కొరుకుతున్నాయి అన్నీ రాసి పెడితే, ఆవిడ రప్పించే కొత్త మనిషికి పని తేలికవుతుందని.

ఈ జూన్‌లో నన్ను రమ్మన్నారు. వద్దనలేకపోయాను. చలికాలం గాలివానకు పాత దారిలో చెట్లు కూలాయి. యజమానురాలు పెట్టిన గుర్తులు చూసుకుంటూ కొత్త దారిన వెళ్ళి, అదే పడిపోయిన చెట్టు వెనక కూర్చున్నాం. ఈసారి మా మధ్య రైఫిల్ లేదు, నోటు పుస్తకం ఉంది.

ఎనిమిదిన్నరకు మగజింక వచ్చింది. కొమ్ములు స్పష్టంగా చెవుల పైకి లేచి ఉన్నాయి. అంకుల్ బైనాక్యులర్స్‌లో చూస్తూ మెల్లగా, "ఎడమ కొమ్ముకు ముందు మొన విరిగింది" అన్నారు. నేను చూశాను. నిజమే. ఆయన పుస్తకంలో రాసుకుని, మళ్ళీ బైనాక్యులర్స్ ఎత్తి, వాటిని దించకుండానే అడిగారు.

"ఆ రోజు నీకు కనపడ్డాయా, కొమ్ములు?"

ఏడాదిగా ఈ ప్రశ్నకు ఎన్నో జవాబులు కూర్చుకున్నాను. వెలుతురు లేదనీ, కొమ్మలు అడ్డమనీ, నాకు అనుభవం లేదనీ. ఒక్కటీ నోటికి రాలేదు.

"కనపళ్ళేదంకుల్."

"నేనూ అదే అనుకున్నా. పిల్లని అంత తొందరగా పట్టుకున్నప్పుడే అనుకున్నా."

జింక ఒక ఫెర్న్ ఆకును వాసన చూసి వదిలేసింది.

"మరి చెప్పలేదేం?"

"మీరు చూశానన్నారు కదా అని."

ఆయన బైనాక్యులర్స్ దించి ఒళ్ళో పెట్టుకున్నారు. వాటి తాడును వేలికి చుట్టుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆయనకు కనిపించకుండా మొహం తిప్పుకున్నాను. కానీ ఆయనకు ఇప్పుడు అన్నీ కనిపిస్తాయి.

"నా క్లినిక్‌లో చేరిన ప్రతి నర్సుకీ, ప్రతి రిసెప్షనిస్టుకీ మొదటిరోజే చెప్పేవాణ్ణి. నేను తప్పు రాస్తే నా మొహం మీదే చెప్పండి, డాక్టర్నని చూడొద్దూ అని. వాళ్ళు చెప్పేవాళ్ళు. ఎన్ని ప్రాణాలు నిలబెట్టారో అట్లా చెప్పి" అన్నారు. వేలి మీది తాడు విప్పి, "నీకు మాత్రం చెప్పలేదు. నువ్వు మనింటి పిల్లవి, నీకు చెప్పేదేంటనుకున్నా" అన్నారు.

జింక ఇంకో రెండు అడుగులు వేసి చెట్ల వరసలోకి వెళ్ళిపోయింది. ఆయన టైము రాసి పుస్తకం మూశారు.

లేచి బయలుదేరాం. అంకుల్ ముందు నడుస్తూ, నలభై ఏళ్ళ అలవాటు కొద్దీ పాత దారివైపు తిరిగారు. ఇంతకుముందైతే ఆయన వెనకే వెళ్ళి, కూలిన చెట్ల దాకా నడిచి, ఏమీ అనకుండా చుట్టూ తిరిగి వచ్చేదాన్ని.

"అటు కాదంకుల్. దారి లేదటు" అన్నాను. అనుకున్నదానికన్నా గట్టిగానే వచ్చింది.

ఆయన ఆగి నా వైపు చూశారు. పక్కకు జరిగి, నన్ను ముందు పోనిచ్చి, గేటుదాకా నా వెనకే నడిచారు.